ఊరేగించకూడని స్ఫటికం

మా డిపార్ట్‌మెంట్‌లో చదువుకున్న పిల్లలు కొందరు పోయిన నెల ఇంటికొచ్చారు. డేటా సెంటర్లలో ఉద్యోగాలు వచ్చాయట. సమాచారం దాచే పనిలో ఇన్నేళ్ళు గడిపారు కదా, చేరేముందు నాలుగు మాటలు చెప్పండి మేడం అన్నారు. చెప్పడం మొదలుపెడితే కాసేపటికే గొంతు నొప్పెట్టింది. రిటైరయ్యాక నాకు మాట్లాడే ఓపిక బాగా తగ్గింది. రాసిస్తానని చెప్పి టీ ఇచ్చి పంపేశాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగ జీవితమంతా వెంటపడిన వస్తువు ఏ కొట్లోనూ దొరకదు. హోలోగ్రాఫిక్ మెమరీ అంటారు దాన్ని. లేజరు కాంతితో కంప్యూటరు సమాచారాన్ని ఒక స్ఫటికం లోపల దాచే పద్ధతి. గన్నవరం దారిలో ఉన్న మా ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరినప్పుడు అది వచ్చే ఏడాది మార్కెట్లోకి వస్తుందన్నారు. నేను రిటైరైన వారం కూడా పేపర్లో ఎవరో అదే మాట రాశారు. కాబట్టి ఇందులో విజయగాథ కోసం వెతక్కండి. ప్రమోషన్ల గురించి, సర్క్యులర్ల గురించి కూడా రాయను. అవి మీకూ వస్తాయి, మీరే పడండి.

కదలకూడని బండి

మా ప్రయోగశాలను నిలబెట్టిన మనిషి సోమయాజులు గారు. మా హెడ్. ప్యాంటు వేసుకుని, నుదుట విభూతితో క్లాసుకి వచ్చేవారు. అర్చకుల ఇంట పుట్టి కాంతిశాస్త్రం చదువుకున్నాయన. నన్ను ఇంటర్వ్యూ చేసిన రోజున ఆయన అడిగింది ఒకే ప్రశ్న. "ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలవమ్మా?"

ఆ ప్రశ్న ఎందుకో చేరాక తెలిసింది. లేజరు కిరణాన్ని రెండుగా చీలుస్తాం. ఒకదానికి మనం దాచాల్సిన పేజీ తగిలిస్తాం. పేజీ అంటే చదరంగం బల్లలాంటి నలుపు తెలుపు గళ్ళు. రెండో కిరణాన్ని వట్టిగా వదులుతాం. పటికబెల్లం ముక్కంత స్ఫటికంలో ఆ రెండూ కలిసిన చోట పేజీ అచ్చుపడుతుంది. తర్వాత ఆ వట్టి కిరణాన్నే అదే కోణంలో వేస్తే పేజీ మళ్ళీ తెర మీదికి వస్తుంది. స్ఫటికాన్ని రవ్వంత తిప్పితే ఇంకో పేజీ. అలా ఒకే ముక్కలో వందల పేజీలు ఒకదాని మీద ఒకటి ఇమిడిపోతాయి. కాకపోతే అచ్చుపడుతున్నంతసేపూ ఏదీ కదలకూడదు. వెంట్రుకలో వెయ్యో వంతు అదిరినా అంతా అలుక్కుపోతుంది.

మా కాలేజీ ముందునుంచే హైవే పోతుంది. ఇసుక లారీ వెళ్తే మా కిటికీ అద్దాలు మాట్లాడేవి. అదరని బల్లలు విదేశాల్లో దొరుకుతాయి గానీ మాకెవరు కొనిపెడతారు? సోమయాజులు గారు నన్ను వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళారు. లారీ టైర్ల ట్యూబులు కావాలని అడిగితే షాపతను, "ఏ బండికండీ?" అన్నాడు.

"కదలకూడని బండికయ్యా," అన్నారు ఈయన.

ఆ ట్యూబుల్లో సగం గాలి కొట్టించి, వాటి మీద మనిషంత పొడుగు గ్రానైటు పలక పరిచి, దాని మీద అద్దాలూ లేజరూ పెట్టాం. లారీల అదురును ట్యూబులు మింగేసేవి. రాత జరుగుతున్నప్పుడు ఫ్యాన్లు ఆపేసి, తలుపు మూసి, చెమటలు కారుతుంటే బొమ్మల్లా నిలబడేవాళ్ళం. నా ఉద్యోగంలో నేను నిజంగా సంతోషంగా ఉన్నది ఆ నిమిషాల్లోనే. మిగతాదంతా ఎదురుచూడటం.

రోహిణి కార్తె

ఈ స్ఫటికాలతో ఒక చిక్కుంది. చదివే కిరణమే రాతను కొంచెం చెరిపేస్తుంది. పలక మీద సుద్దతో రాసింది వేలితో తడుముతూ చదివితే ఎలా ఉంటుందో అలా. ఒక్క పేజీని చూసినా, వెలుగు ముక్కంతా పడుతుంది కాబట్టి, లోపలున్న పేజీలన్నీ తలా కాస్త మాసిపోతాయి.

దీనికి మందు ఉంది. స్ఫటికాన్ని సన్నటి వేడిలో ఉంచి రాస్తే, పచ్చికుండ కాల్చినట్టు రాత గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత చూసినా భయం లేదు. కానీ వేడి నెమ్మదిగా ఎక్కాలి, అంతకంటే నెమ్మదిగా దిగాలి. మా మొదటి స్ఫటికాన్ని మే నెలాఖర్లో కొలిమిలో పెట్టాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. కాలేజీకి జనరేటరు ఉంది. అది కరస్పాండెంట్ గారి గదికీ ఆఫీసుకీ పనిచేసేది, మా వరండా దాకా వైరు రాలేదు. కొలిమి ఒక్కసారిగా చల్లబడింది. టప్‌మని చిన్న చప్పుడు వినపడింది.

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గానీ మా స్ఫటికం పగిలింది. సోమయాజులు గారు పగిలిన ముక్కలు ఏరారు. ఇంటినుంచి చెక్క కుంకుమ భరిణె తెచ్చి, ముక్కల్లో పెద్దదాన్ని దూదిలో చుట్టి అందులో పెట్టారు. "అవసరం పడుతుంది," అన్నారు.

పిల్లలూ, ఇదొకటి రాసుకోండి. ఖరీదైన యంత్రం దగ్గరికి వెళ్ళేముందు దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. అడిగితే చిన్నతనం అనుకోకండి. నేను అడగాలనే అనుకోలేదు, ఎందుకంటే నా పైన ఉన్నవాళ్ళెవరూ అడగలేదు.

ఉత్సవ విగ్రహం

రెండో స్ఫటికం రావడానికి చాలాకాలం పట్టింది. అది నా డాక్టరేటు కోసం వచ్చినది. కొలిమి మాట ఎత్తకుండా, వట్టి చీకట్లో ఉంచితే రాత ఎంతకాలం నిలుస్తుందో తేల్చాలని నా అంశం. కరెంటు నమ్మకంగా ఉండని మాలాంటి చోట్ల అదే పనికొచ్చే ప్రశ్న అని సోమయాజులు గారి వాదన. స్ఫటికం నిండా పేజీలు రాసి, ఏడాదికి పైగా నల్లటి డబ్బాలో ఉంచి, చివర్లో ఒక్కసారి తీసి చదవాలి. గళ్ళు తప్పుల్లేకుండా వస్తే డాక్టరేటు. యూనివర్సిటీ నాకు అప్పటికే గడువు పొడిగించింది, ఇంక పొడిగించేది లేదని కాగితం మీద రాసిచ్చింది.

మా నాన్న గుణదలలో బడి పంతులు. నేను ఇంకా రాత మొదలుపెట్టకముందే చర్చిలో అందరికీ మా సుశీల డాక్టరవుతోందని చెప్పేశాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఒకావిడ వచ్చి మోకాళ్ళ నొప్పులకి ఏం వాడమంటావమ్మా అని అడిగింది. నాన్న పక్కనే నిలబడి ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు కోసమైనా ఈ పని పూర్తిచేయాలనిపించింది.

కొత్త స్ఫటికంలో మొదటి పేజీగా గళ్ళు కాకుండా ప్రకాశం బ్యారేజీ ఫోటో రాశాం. బాగా వచ్చిందో లేదో కంటితో చూస్తే తెలిసిపోతుందని. అదే కొంప ముంచింది. కరస్పాండెంట్ గారు ఒకసారి వచ్చి చూశారు. గాజుముక్కలోంచి ఆకుపచ్చ వెలుగులో కృష్ణమ్మ, గేట్లు, వెనక కొండ తెర మీద లేచి వచ్చేసరికి ఆయన మురిసిపోయారు. ఇంక కాలేజీకి ఎవరొచ్చినా ముందు మా గదికే. తనిఖీ కమిటీలు, ముఖ్య అతిథులు, సీటు కోసం వచ్చిన పిల్లల మేనమామలు. శాలువా కప్పడం, జీడిపప్పు ప్లేటు, ఆ తర్వాత, "మేడం గారూ, ఒక్కసారి మన బ్యారేజీ చూపించండి."

వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి చూపించకుండా పంపడం మన ప్రాంతంలో అమర్యాద. కాదనలేం. ఆయన దుర్మార్గుడేం కాదు, కాలేజీ గొప్ప పది మందికీ తెలియాలనుకున్నాడు. కానీ ప్రతి చూపుకీ నా పేజీలు మాసిపోతాయని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా, "చూస్తే అరిగిపోతుందా మేడం?" అని నవ్వేవారు. అరిగిపోతుంది సార్ అంటే మర్యాద కోసం తల ఊపి, మర్నాడు మళ్ళీ ఎవరినో తీసుకొచ్చేవారు.

నేను విసిగి సోమయాజులు గారి ముందు కూర్చున్నాను. ఆయన భరిణె తీశారు.

"మూలవిరాట్టుని ఎవరైనా ఊరేగిస్తారా సుశీలమ్మా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. గర్భగుడిలో ఉండే అసలు విగ్రహం కదలదట. ఊళ్ళోకి తీసుకెళ్ళడానికి, పూలు చల్లించుకోవడానికి వేరే చిన్న విగ్రహం ఉంటుందట. "మనకీ ఒక ఉత్సవ విగ్రహం కావాలి. ఇదిగో."

పగిలిన ముక్కలో బ్యారేజీ ఒక్కటే రాశాం. ఇంక వచ్చినవాళ్ళందరికీ ఆ ముక్కే. మసకబారినప్పుడు పాతది చెరిపేసి, లారీలు పల్చగా తిరిగే ఆదివారం నేను చర్చి నుంచి తిన్నగా వచ్చి మళ్ళీ రాసేదాన్ని. అసలు స్ఫటికంలో పేజీలన్నీ చెరిపి కొత్తగా రాసి, నల్లడబ్బాలో పెట్టి, బీరువాకి తాళం వేశాం. ఏ అతిథీ తేడా కనిపెట్టలేదు. నేను ప్రశాంతంగా నిద్రపోయిన రోజులు అవి.

పెద్దాయన వచ్చిన రోజు

చదవాల్సిన సమయం దగ్గరపడింది. ఆ రోజుల్లోనే సోమయాజులు గారికి కాంతిశాస్త్రం చెప్పిన గురువుగారు రైలు దిగి మా కాలేజీకి వచ్చారు. బాగా పెద్దాయన. ఒక కంటికి ఆపరేషనైంది, రెండో కన్ను అంతంతమాత్రం. ఇలాంటి మెమరీ గురించి వయసులో ఉన్నప్పుడే చదివి క్లాసులో పాఠం చెప్పారట. జీవితంలో ఒక్కసారీ కళ్ళతో చూడలేదట.

సోమయాజులు గారు నేల మీద సాష్టాంగపడి లేచారు. నేను భరిణె మూత తీశాను. ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"అది వద్దమ్మా. బీరువా తియ్యి."

"సార్, చదవాల్సిన రోజు దగ్గరికొచ్చింది."

"గురువుగారికి ఉత్సవ విగ్రహం చూపించి పంపమంటావా? నాకు విద్య పెట్టినాయన. ఒక్క క్షణం చూస్తారు. క్షణానికి ఏం కాదని నీకూ తెలుసు."

నిజమే, క్షణానికి ఏం కాదు. తాళం తీశాను. స్ఫటికం పెట్టి, కోణం సరిచేసి, కిరణానికి అడ్డుండే షట్టరు ఎత్తాను. బ్యారేజీ తెర మీదికి వచ్చింది.

పెద్దాయనకి అది ఆనలేదు. తెర దగ్గరగా, ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నెమ్మదిగా ముఖం వికసించింది.

"గేట్లు కనపడుతున్నాయిరా సోమయాజులూ," అన్నారు. వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కొన్ని లెక్కపెట్టాక తప్పారు. మళ్ళీ మొదటి గేటు నుంచి. మధ్యలో ఆగి, తాను కుర్రాడిగా ఉన్నప్పుడు పాత ఆనకట్ట మీదనుంచి నడిచి సీతానగరం వెళ్ళిన కథ చెప్పారు. కథ అయ్యాక, ఎక్కడిదాకా వచ్చానురా అని మళ్ళీ మొదటి గేటు.

నా చెయ్యి షట్టరు మీదే ఉంది. గళ్ళ పేజీలన్నీ ఆ వెలుగులో కరుగుతున్నాయని నాకు తెలుసు, ఒంట్లోంచి రక్తం కారుతున్నట్టే ఉంది. "సార్, చాలండి," అన్నాను.

సోమయాజులు గారు చేతులు కట్టుకుని గురువుగారి వెనక నిలబడి ఉన్నారు. నా వైపు తిరగలేదు. "బాగా ఆనుతోందాండీ?" అన్నారు, ఆయనతో.

మూసెయ్యవచ్చు కదా అని మీరు అడుగుతారు. నా కోడలూ అడిగింది. పెద్దాయన కళ్ళు చికిలించుకుని చూస్తుంటే మధ్యలో దీపం ఆర్పే చెయ్యి ఈ కృష్ణా తీరంలో ఎవరికుందో నాకు తెలియదు. నాకైతే లేదు. ఆయనంతట ఆయన వెనక్కి జరిగి, శిష్యుడి తల మీద చెయ్యిపెట్టి, "నా జన్మ ధన్యమైందిరా," అనేదాకా అలాగే నిలబడ్డాను. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నారు. ఆ ఏడాదే పోయారని విన్నాను.

గడువు రోజున చదివితే గళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చాయి. ఏది నలుపో ఏది తెలుపో కంప్యూటరుకి తేలలేదు. చీకటి ఎంత చెరిపిందో, మా మర్యాద ఎంత చెరిపిందో విడదీసి చెప్పే దారి లేదు. సోమయాజులు గారు గళ్ళు చూసి, "మళ్ళీ రాద్దాంలే అమ్మా," అన్నారు. రాయడానికి స్ఫటికం ఉంది. నాకే గడువు లేదు.

నాన్నకి ఇంటికెళ్ళి చెప్పాను. "పోనీలే," అన్నాడు. చర్చిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయేదాకా అక్కడివాళ్ళు నన్ను డాక్టరమ్మ అనే పిలిచారు. వినడం కష్టంగా ఉండేది.

గవర్నర్‌పేట

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఫోనులో వేసుకునే మెమరీ కార్డు కోసం గవర్నర్‌పేట వెళ్ళాను. కొట్టతను గోరంత ముక్కను కవర్లోంచి తీసి, "ఎన్ని జీబీలు కావాలండీ?" అన్నాడు. నా వెనక ఇద్దరు తొందరపడుతున్నారు. మేం ఊపిరి బిగబట్టి దాచినదంతా అందులో ఒక మూల పట్టేస్తుంది. చూస్తే చెరగదు, అదిరితే అలుక్కుపోదు, శనగల పొట్లంలా చేతిలో పెట్టాడు. తీసుకుని బస్సెక్కాను. ఏడుపు రాలేదు గానీ దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మీరు వెళ్తున్న పని గురించి ఒకటే చెప్పగలను. ఆ రెండు విగ్రహాల్లో చివరికి మిగిలింది పగిలిన ముక్క. తాళం వేసి కాపాడినది పోయింది. వారం వారం పోతూ, వారం వారం మళ్ళీ రాయించుకున్నది నేను రిటైరయ్యే రోజుదాకా బ్యారేజీని చూపిస్తూనే ఉంది. డిస్కులూ అంతే. ఏదీ శాశ్వతం కాదు, పాడవకముందే ఇంకోదాంట్లోకి ఎత్తి రాసేవాళ్ళు ఉన్నంతకాలమే అది ఉంటుంది. చాలా విసుగు పని. దానికెవరూ శాలువా కప్పరు. అది మీ పనని ముందే తెలిసి వెళ్ళండి.

ఇంకొకటి. చెడ్డ బాసుల గురించి మీకు అందరూ చెబుతారు. మంచి బాసు చేసిన నష్టమే ఎక్కువకాలం ఉంటుంది. చెడ్డవాణ్ణి తిట్టుకుని మర్చిపోతాం. సోమయాజులు గారిని నేను తిట్టుకోలేకపోయాను.

గది ఖాళీ చేసిన రోజు

నా పదవీ విరమణ నెలలోనే మా గదిని కొత్త కంప్యూటర్ ల్యాబుకి ఇచ్చేశారు. సామాను తీసేముందు సోమయాజులు గారికి ఫోను చేశాను. సత్యనారాయణపురం నుంచి ఆటోలో, చేతికర్రతో వచ్చారు. ట్యూబుల్లో గాలి కాస్త తగ్గి ఉంటే సైకిలు పంపుతో కొట్టించాను. భరిణెలోని ముక్క పెట్టి బ్యారేజీ చూపించాను. ఒకసారి చూసి తల ఊపారు.

"అసలుది పెట్టమ్మా."

"అందులో ఏమీ లేదు సార్."

"తెలుసు. పెట్టు."

నల్లడబ్బా తీసి స్ఫటికం పెట్టాను. కోణం నా వేళ్ళకి ఇంకా గుర్తుంది. షట్టరు ఎత్తాను. తెర మీద ఆకుపచ్చ మసక తప్ప ఏమీ రాలేదు. ఆయన కర్ర ఊనుకుంటూ వెళ్ళి, ఒకప్పుడు గురువుగారు నిలబడ్డ చోటే నిలబడ్డారు.

"ఆ రోజు నువ్వు చాలండి అన్నావు," అన్నారు తెరవైపే చూస్తూ. "నాకు వినపడింది సుశీలమ్మా."

ఇన్నేళ్ళూ వినపడలేదనే అనుకున్నాను. అలా అనుకోబట్టే ఆయన కింద అంతకాలం పనిచేయగలిగాను. ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎనభై దాటిన మనిషి మీద, నాకు పని నేర్పినాయన మీద, అంత కోపం ఉందని నాకే తెలియదు. క్షమించానని చెప్పాలనిపించలేదు, చెప్పలేదు.

ఆయనా అడగలేదు. ఖాళీ తెరవైపు చూస్తూ అలాగే నిలబడ్డారు. బరువంతా కర్ర మీద వేశారు. కుర్చీ వెయ్యాలనిపించింది, కానీ నా చెయ్యి షట్టరు మీద ఉంది. ఆయన అనేదాకా మూయకూడదని నేనూ నిలబడ్డాను. హైవే మీద లారీ ఏదో వెళ్ళింది, కిటికీ అద్దాలు అదిరాయి, రాతిబల్ల కదల్లేదు.

చాలాసేపటికి ఆయన అన్నారు. "చాలమ్మా."

అప్పుడు మూశాను.